మజ్జిగను పాలలో లెక్కవేయలేదు

పోయినవి ముందు చెబుతాను. ఒంటి బరువులో పదకొండు కిలోలు. మూడు నెలల డ్యూటీ. రెండేళ్లకొకసారి వచ్చే సెలవు. నేల మీద కూర్చుని అన్నం తినే అలవాటు. వీటిలో కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. ఇలాంటి జ్వరంతో ఏ క్యాంపు గదిలోనైనా పడుకుని ఉన్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది జగిత్యాల వైపు. సౌదీలో రాబిగ్ ఊరి బయట ఒక చిన్న కంపెనీ సైట్‌లో ఉంటాను. ఇనుప కడ్డీలు వంచే పనికి వచ్చి, డ్రాయింగ్ చూసి ఎంత ఇనుము, ఎంత కాంక్రీట్ పడుతుందో లెక్క తీయడం చూసి చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు అదే నా పని. సైట్ పక్క లోయలో ఇద్రీస్ అనే సూడాన్ కాపరి గొర్రెలను, మేకలను మేపుతాడు. మా ట్యాంకర్ నుంచి అతనికి నీళ్లు ఇచ్చేవాళ్లం. బదులుగా అతను సీసాల్లో లబన్ పంపేవాడు. లబన్ అంటే మన మజ్జిగే అనుకోండి.

ఒకరోజు సాయంత్రం పునాదుల ఇనుము కూడుతున్నాను. అదే కూడిక మూడుసార్లు చేస్తే మూడుసార్లూ వేరే మొత్తం వచ్చింది. నాకు అలా ఎప్పుడూ జరగదు. కాగితం పక్కన పెట్టి గదికి వెళ్లేసరికి వణుకు మొదలైంది. తెల్లవారుజామున లేచి చూస్తే బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉంది. చెమట, తడిసిన గోనెసంచిలా వాసన వేసింది. పగలు మాత్రం బాగానే ఉన్నాను, డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం మళ్లీ జ్వరం వచ్చింది. వారం గడిచినా ఇదే వరస.

నా గదిలో ఉండే లింబాద్రి మా పక్క ఊరివాడే, నాకంటే చిన్నవాడు. "నీ జరం సుత డ్యూటీ టైం జూసుకొనే వస్తుందే అన్నా" అని నవ్వాడు. మేమిద్దరం ఆలోచించి, ఎండలో తిరగడం వల్ల ఒంటికి వేడి చేసిందని తేల్చాం. వేడి చేస్తే చలువ చేసేది తాగాలి. గదిలో చలువ చేసేది ఇద్రీస్ మజ్జిగే. అన్నంలో పోసుకునేది చాలక, పొద్దున ఒక గ్లాసు, పడుకునే ముందు ఇంకో గ్లాసు తాగడం మొదలుపెట్టాను.

మూడో వారం ఒక పాలీక్లినిక్‌కు వెళ్లాను. మలేరియా నెగటివ్, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ నెగటివ్. డాక్టర్ అరబీలో "హలీబ్?" అని గ్లాసు ఎత్తినట్టు చేసి చూపించాడు. పచ్చిపాలు తాగుతావా అని అడుగుతున్నాడని అర్థమైంది. మా ఇళ్లలో పాలు కాచకుండా ఎవరూ నోట పెట్టరు. లేదన్నాను. ఇంజెక్షన్ ఇచ్చి పనడాల్ అనే జ్వరం మాత్ర రాశాడు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. ఈసారి నడుము కింద కుడివైపు నొప్పి కూడా వచ్చింది.

అప్పుడే నా తొడ మీద ఒక పిడుదు కనబడింది. పీకేస్తే అక్కడ ఎర్రగా అయింది. లింబాద్రి ఫోన్‌లో వెతికి, పిడుదు కుడితే వచ్చే జబ్బు ఒకటుంది, దాని పేరు లైమ్ డిసీజ్, జ్వరం, కీళ్లనొప్పులు వస్తాయి అని చదివి వినిపించాడు. అన్నీ నాకు సరిపోయాయి. ఊళ్లో రెండు ల్యాబులకు ఫోన్ చేశాం. ఆ టెస్ట్ ఇక్కడ చేయరు, రక్తం బయటి దేశం పంపాలి అన్నారు.

పెద్ద ఆసుపత్రికి పోదామంటే, బయటి దేశాలవాళ్ల మీద కంపెనీ కట్టే లెవీ పెరిగిన ఏడాది అది. పనిలో సౌదీ మనుషులు చాలక, వాళ్ల వాటా చూసి కంపెనీలకు రంగులిచ్చే నితాకాత్‌లో మా కంపెనీ రెడ్‌లో పడింది. రెడ్‌లో ఉంటే ఇకామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే కార్డు, రెన్యువల్ కాదు. నాది ఆ వారమే ముగిసింది. ఇకామా ముగిస్తే ఇన్సూరెన్స్ కార్డు పనిచేయదు. అంతకంటే పెద్ద కష్టం దారిలో ఉంది. సైట్ నుంచి ఊళ్లోకి పోయే రోడ్డు మీద చెక్‌పోస్ట్. ముగిసిన ఇకామాతో దొరికితే తీసుకుపోయి కూర్చోబెడతారు. అక్కడ మందు ఎవరిస్తారో నాకు తెలియదు.

ఊళ్లో ఒక ప్రైవేట్ క్లినిక్‌లో గుంటూరు వైపు డాక్టరమ్మ ఉన్నారని ఎవరో చెప్పారు. నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లాను. చెక్‌పోస్ట్ దగ్గర పోలీసు ఫోన్‌లో మాట్లాడుతూ చెయ్యి ఊపాడు.

నేను ముందే పేరు చెప్పేశాను, లైమ్ డిసీజ్ టెస్ట్ కావాలని. ఆమె ఎర్రటి మచ్చ చూసి, అది పిడుదును గట్టిగా పీకితే అయిన పుండేనన్నారు. ఆ జబ్బుకు మచ్చ వెడల్పవుతూ పోతుందట, ఈ దేశంలో దాదాపు కనబడదట. తర్వాత ఆమె కూడా అదే ప్రశ్న అడిగారు, పచ్చిపాలు తాగుతారా అని. ఈసారి తెలుగులోనే. నేను మళ్లీ లేదన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టారు. "సరేనండి. నిన్న పొద్దుట్నుంచి మీ నోట్లోకి ఏమేం వెళ్లిందో వరసగా చెప్పండి. మంచినీళ్లతో సహా."

చాయ్, రొట్టె, అన్నం, పప్పు చెప్పాను. "ఆఖర్ల ఇంత మజ్జిగ పోసుకుంట."

"ఏ మజ్జిగ? షాపుదా?"

"కాదు మేడం. గొర్లకాడిది. ఇద్రీస్ ఇస్తడు."

"అది కాచిన పాలతో చేస్తాడా?"

ఆ మాట నేను ఎన్నడూ అడగలేదు. మన ఇళ్లలో పాలు కాచి తోడు వేస్తాం కాబట్టి, మజ్జిగ అంటేనే కాగినది అనుకున్నాను.

"పచ్చిపాలే మేడం, అయ్యుంటది" అన్నాను. "వేడి చేసిందని ఇంకింత ఎక్కువ తాగిన."

ఆమె నవ్వలేదు. బ్రుసెల్లా టెస్ట్ రాశారు. అది ఊళ్లోనే చేస్తారు. పాజిటివ్ వచ్చింది. బ్రుసెల్లోసిస్, పచ్చిపాలతో వచ్చే జ్వరం, ఇక్కడివాళ్లు మాల్టా ఫీవర్ అంటారు. ఆరు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు, మొదటి మూడు వారాలు రోజుకొక స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. "జ్వరం పదిరోజుల్లో పోతుంది. అప్పుడు మానేస్తే మాత్రం వెన్నులోకి దిగుతుంది. ఒక్కరోజు కూడా తెగకూడదండి" అన్నారు.

రోజూ ఇంజెక్షన్ అంటే రోజూ చెక్‌పోస్ట్. ప్రతిసారీ పోలీసు ఫోన్‌లో ఉండడు. ఊళ్లో మా జిల్లావాడు ఒకతని టైలర్ షాపు వెనుక గది ఉంది. అక్కడ ఉండిపోతానని ఫోర్‌మన్ బషీర్‌కు చెప్పాను. ఆయన పాకిస్తానీ. పని పోతుందనే అనుకున్నాను. ఆయన డ్రాయింగుల చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, "హిసాబ్ తో బైఠ్ కే భీ హోతా హై, రాజేశం భాయ్" అన్నారు. కూర్చుని అయినా లెక్క చేయొచ్చు కదా అని. డ్యూటీ మాత్రం రాయలేను, జీతం రాదు అన్నారు. దానికే సరేనన్నాను.

క్లినిక్ ఆ గదికి రెండు సందుల దూరం. ఇంజెక్షన్లు అన్నీ పడ్డాయి. జ్వరం పోయింది. అయిదో వారం రెండు సాయంత్రాలు వరసగా మళ్లీ వచ్చింది, మంచం దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఎక్స్‌రేలో తుంటి వెనుక శాక్రోఇలియాక్ జాయింట్‌లో తేడా కనబడింది. డాక్టరమ్మ రిఫాంపిసిన్ కలిపి, కోర్సు మూడు నెలలకు పెంచారు. అదే వారం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఫైనల్ ఎగ్జిట్ కొడతాం, ఇంటికి పో అని. ఇకామా ముగిసినవాడి ఎగ్జిట్ ఎన్ని రోజులకు అవుతుందో, ఆ మధ్యలో ఎక్కడ ఉంచుతారో వాళ్లే చెప్పలేకపోయారు. ఇంట్లో రమ్మని ఏడ్చారు. మందు అయిపోయాకే వస్తానన్నాను.

ఇద్రీస్‌కు లింబాద్రి వెళ్లి చెప్పాడు. తనకూ ఒకప్పుడు అదే జ్వరం వచ్చిందట, కానీ కాచిన పాలతో చేస్తే అది లబనే కాదన్నాడట. లింబాద్రి రక్తం నెగటివ్. "ఇంటి మజ్జిగ లెక్క లేదని నేను ముట్టలే. నువ్వే చలువ చలువ అనుకుంట తాగితివి" అని ఇప్పటికీ అంటాడు.

మూడు నెలల మందు పూర్తయింది. తర్వాత కంపెనీ గ్రీన్‌లోకి వచ్చింది, నా ఇకామా రెన్యువల్ అయింది. సైట్‌కు తిరిగి వచ్చాను. కుర్చీలో కూర్చుని లెక్కలు చేస్తున్నాను, బరువులు ఎత్తను. ఇద్రీస్‌కు నీళ్లు ఇస్తూనే ఉన్నాం.

నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టర్ పాలు తాగుతారా అని అడిగితే, పెరుగు, మజ్జిగ, జున్ను, ఏదైనా అది ఎక్కడిదో, ఎవరు చేశారో చెప్పండి. ఆ పాలు కాగాయో లేదో తెలియకపోతే తెలియదనే చెప్పండి.

ఏడాదిలోపు ఇది తిరగబెట్టవచ్చు కాబట్టి నాలుగుసార్లు రక్తం చూపించుకోమన్నారు. మూడు అయ్యాయి, మూడూ బాగానే వచ్చాయి. ఇంకా ఒకటి బాకీ ఉంది.