చైనా రాజు చాయ్, మా చిన్నమ్మ షుగర్ గోళీలు

ఈ రోజు వర్ధన్నపేటలో మా చిన్నమ్మ ఇంటికి వెళ్తే చేతికి చాయ్ గ్లాసు ఇచ్చింది. చైనా గ్రీన్ టీ అట. మన అలవాటు ఎక్కడికి పోతుంది, అందులో పాలు పోసి, చక్కెర వేసి చిక్కగా మరిగించింది. షుగర్ ఉన్న మనిషి, పొద్దుటి నుంచీ అదే తాగుతోంది!

గోళీలు వేసుకున్నావా అని అడిగాను.

"బంద్ జేసిన బిడ్డా. ఈ చాయ్ తాగితే గోళీలు అక్కర్లేదని నరేష్ చెప్పిండు" అంది.

నరేష్ మా దూరపు చుట్టం. ఇంటింటికీ తిరిగి ఈ టీ ప్యాకెట్లు అమ్ముతాడు. ఒళ్లు మండి అక్కడి నుంచే అతనికి ఫోన్ చేసి, గోళీలు ఎందుకు మాన్పించావని అడిగాను.

"ఎనకట చైనా రాజు నీళ్లు కాగబెడ్తాంటే చెట్టు ఆకులు రాలి అండ్ల పడ్డయట అక్కా. అవి తాగితే ఒంట్లో విషమే విరిగిందట. ఇగ షుగరెంత?"

"మీ అమ్మకు గూడ షుగరే గద. ఆమె గోళీలు బంద్ జేయించినవా?"



"అట్లెట్ల అక్కా, డాక్టర్ తిడ్తడు."

తర్వాత నేను తిట్టినవి ఇక్కడ రాయలేను. రేపు పొద్దున్నే చిన్నమ్మను దవాఖానకు తీసుకెళ్తున్నాను.

ఆ టీ మంచిదే కావచ్చు. కథ కూడా బాగుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల గోళీల డబ్బా ఇప్పుడే తెరిచి చూసి చెప్పండి, ఏ రాజు కథ విని ఎన్ని గోళీలు అట్లాగే మిగిలిపోయాయో.