పంచామృతంలోకి నా తేనె

అల్లుడన్నవాడికి ఆ రోజుల్లో అత్తగారింట్లో ఒక పీట ఉండేది. ఇద్దరు అల్లుళ్ళుంటే పీటలు రెండు వేసేవారు గానీ, అందరి కళ్ళూ ఒకదాని మీదే పడేవి. మా అత్తగారిది ఝరాసంగం. ఆ కళ్ళు పడే పీట రాయికోడ్‌లో ఉండే మా షడ్డకుడిది (అంటే నా భార్య అక్క మొగుడు, తోడల్లుణ్ని మా వైపు అలాగే అంటారు). మనిషి మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ని. ఆయన పెరట్లో రెండు తేనెటీగల పెట్టెలుండేవి. ఏటా మాఘమాసంలో మామగారు చేసే సత్యనారాయణ వ్రతానికి, పంచామృతంలోకి తేనె ఆయనే తెచ్చేవాడు. మామగారు ఆ సీసాను వెలుతురుకు పట్టి, "పెద్దల్లుని తేనె, ఎట్లున్నదో సూడున్రి!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నేను జహీరాబాద్ నుంచి మోసుకెళ్ళిన అరటిపండ్లను ఎవరూ వెలుతురుకు పట్టి చూడలేదు.

కడుపు మండి, ఒక ఏడాది దసరా పోగానే నేనూ ఒక పెట్టె తెచ్చి మా అద్దె ఇంటి పెరట్లో పెట్టాను. పెట్టె ఇచ్చిన మనిషి "పువ్వులు లేనప్పుడు జర షక్కర నీళ్ళు పెట్టున్రి, పువ్వులొచ్చినంక..." అంటుండగానే బస్సు కదిలింది, నేను పరుగెత్తాను. మిగతా సగం షడ్డకుణ్ని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాడు. కానీ ఆయన్ని అడగడమా! చీమలెక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. ఈగ కుట్టి కన్ను వాస్తే మూడు రోజులు ఆఫీసులో ఒంటికంటితో ఫైళ్ళు చూశాను. చక్కెర నీళ్ళు మాత్రం ఒక్క పూట మానలేదు. కొంచెం పెడితే కొంచెం తేనె అయినప్పుడు, బాగా పెడితే బోలెడు కావాలి కదా! (లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే.) రేషను చక్కెరంతా ఈగలకే పోయింది, మేము బెల్లం చాయ తాగాం. ఊరి చుట్టూ చేలల్లో కుసుమలు విరగబూశాయి. నా ఈగలు పెరడు దాటలేదు. "మీరు పోసే షక్కర తాగుకుంట అవి పువ్వుల మొకమే సూస్తలెవ్వు. జర బావనన్న అడుగరాదున్రి?" అంది నా భార్య. బావ అనే మాట చెవిన పడగానే ఇంకో గ్లాసు ఎక్కువ పోశాను.

మాఘమాసానికి రెండు సీసాలు నిండాయి. వ్రతం నాడు మామగారు అలవాటుగా "పెద్దల్లుడా, తేనె ఏది?" అన్నారు. షడ్డకుడు నా చేతిలోని సీసాల వంక చూశాడు. "ఈసారి తేలే మామా. పువ్వు తక్కువున్నది" అన్నాడు. (రాయికోడ్ దారి పొడుగునా కుసుమలే. గెలిచిన సంబరంలో నాకది తట్టలేదు.) మామగారు నా సీసాను వెలుతురుకు పట్టారు. నా జన్మ ధన్యమైంది, సుమారు ఒక నిమిషం పాటు. ఇంతలో ఉపవాసం లేని మా అత్తగారి తల్లి, బోసినోటి ముసలమ్మ, రెండో సీసాలోంచి అరచేతిలో చుక్క వేసుకుని చప్పరించింది.

"పాలు, పెరుగు, నెయ్యి, షక్కర. గిది సుత షక్కర పాకమే గద కొడుకా! నాలుగే అయినయి, ఐదోది ఏది?"

ఇల్లంతా నవ్వింది. నాకు పీట కింద దూరాలనిపించింది. నవ్వనివాడు షడ్డకుడొక్కడే. "మొదటి ఏడు గట్లనే ఉంటది అమ్మమ్మా. నాది సుత గట్లనే ఉండె" అంటూ నా సీసా అందుకుని తనే గిన్నెలోకి వంచాడు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు షడ్డకుడి భార్య, మా వదినె, పిల్లవాడి చొక్కా కోసం వాళ్ళ సంచి దులిపితే, తువ్వాల్లో చుట్టిన నిండు సీసా దొర్లి నా కాళ్ళ దగ్గర ఆగింది. ముదురు రంగు తేనె. వదినె ఏదో అనబోతే ఆయన వద్దని తల ఊపాడు. అప్పుడు నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది. నిజానికి ఇంకా ఎక్కువ కుళ్ళుకున్నాను. తేనెదేముంది, వచ్చే ఏడు నేనూ తీస్తాను. ఆ సీసాను పొద్దంతా సంచిలో ఉంచడం నా వల్ల అయ్యేదా?

బస్సు దగ్గర చివరికి ఆయన్నే అడిగాను. "పువ్వులొచ్చినంక షక్కర బంద్ చెయ్యాలె తమ్మీ, గంతే" అన్నాడు. మరుసటి ఏటి నుంచి నా తేనె మంచిగానే వచ్చింది. ఆయన తెచ్చిన సీసాతో పాటు నాదీ వెలుతురు చూసింది. మధ్యలో రెండు మూడేళ్ళు, నేనూ ఆయనలాగే సీసాను సంచిలోనే దాచి "తేలేదు మామా" అందామని గట్టిగా అనుకుని వెళ్ళాను. గడప దాటకముందే చెయ్యి దానంతటదే సంచిలోకి పోయేది.