ఆదర్శ పుత్రికకు సత్కారం

నన్ను తిట్టినవాళ్లు ఎవరో నాకు గుర్తు లేదు. పొగిడినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ కోపం పోలేదు. ఊరవతలి కుంభారి కాలనీకి వచ్చి పడ్డాక కూడా, పాత పేటవాళ్లు ఎవరైనా బస్సులో కనిపించి "నువ్వు ఆ బంగారు బిడ్డవే కదా" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

పదో తరగతి చదివే రోజుల్లో మేము షోలాపూర్ భవాని పేట్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్లం, నేనూ అమ్మా. నాన్న మరమగ్గాల పనికని భివండీ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. "నువ్వున్నవని నాకు ధైర్యం బిడ్డా" అనేవాడు. ఆ ధైర్యంతోనే మర్నాడు మళ్లీ బస్సెక్కేవాడు.

అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. జబ్బు ముదిరినప్పుడు చుట్టిన బీడీలన్నీ మళ్లీ విప్పేది. లోపల ఆకు మీద తన గురించి ఎవరో ఏదో రాశారని వెతికేది. కింది గదిలో మగ్గం ఆడుతుంటే అది తన పేరే పలుకుతోందనేది. అన్నిటికంటే ఎక్కువ భయం మైకంటే. ఎక్కడ మైకు మోగినా తన ముచ్చట పేటంతా చాటుతున్నారని చెవులు మూసుకుని మూలకు ఒదిగేది.

మా పేటలో మైకు మోగని రోజంటూ ఉండదు. గణపతి, పెళ్లి, ఎన్నికలు, ఏదీ లేకపోతే నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పుకుంటూ తిరిగే ఆటో. మోగిన ప్రతిసారీ అమ్మ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, మైకులో వచ్చిన ఒక్కో మాటా తిరిగి చెప్పేదాన్ని.

"నీళ్లు రేపొస్తయట అమ్మా. ఇంకేం అంటలేరు."

"నా ముచ్చట లేదా?"

"లేదు. నీ ముచ్చట మైకుల ఎవ్వలు మాట్లాడరు."

నా ముఖంలోకి కాసేపు చూసి నమ్మేది. ఎందుకంటే నేను అమ్మకు అబద్ధం చెప్పేదాన్ని కాదు. మాత్రను పప్పులో నలిపి పెట్టమని మా పెద్దమ్మ, అంటే అమ్మ సొంత అక్క, ఉచిత సలహా ఇచ్చింది. నేను నలపలేదు. అరచేతిలో పెట్టి, ఇది నీ మందు అని చెప్పి మరీ ఇచ్చేదాన్ని. డాక్టరు చేతి నుంచి కూడా ఏదీ పుచ్చుకోని మనిషి నా చేతి నుంచి తీసుకుని మింగేది. ఆ ఒక్క నమ్మకం మీదే మా ఇల్లు నడిచేది. అది పోతే మాత్ర పోతుంది, మాత్ర పోతే అమ్మ నాకు దక్కదు. నాకీ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు.

పేటవాళ్లకు తెలిసిందల్లా పొగడడం. పక్కింటి అక్క నన్ను చూసినప్పుడల్లా "బంగారం లాంటి బిడ్డ" అనేది, అంటూనే తన పిల్లల్ని లోపలికి లాగి గడియ పెట్టేది. పెద్దమ్మ ఇల్లు రెండు సందుల అవతల. అమ్మకు బాగాలేదని తెలిస్తే ఆ ఏడెనిమిది నిమిషాల దారి ఆమెకు కాశీయాత్ర అయిపోయేది. కానీ ఎవరి పెళ్లిలో కలిసినా నా తల నిమిరి, నలుగురూ చూసేలా కళ్లు ఒత్తుకునేది. ఒక్కపూట అమ్మ దగ్గర కూర్చోండి, నేను లెక్కల పరీక్షకు చదువుకుంటాను అని అడిగితే మాత్రం అందరికీ పొయ్యి మీద ఏదో ఒకటి మాడిపోతుండేది.

ఇలా ఉండగా ఒకరోజు మా సందులో గణపతిని నిలబెట్టే మండల్ పెద్దమనిషి ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. గుమ్మం దాటలేదు. చెప్పులు కూడా విడవలేదు.

"ఈసారి మన కార్యక్రమ్‌ల ఆదర్శ పుత్రిక అని నీకు సత్కార్ చేస్తున్నం బిడ్డా. ఆదివారం నాలుగింటికి. శాలువ, శ్రీఫల్, ఫోటో, అన్ని బరాబర్ ఉంటయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ అమ్మను మాత్రం తేకు. పెద్ద పెద్దోళ్లు వస్తరు. గడ్‌బడ్ అయితది."

"అమ్మను ఎవల దగ్గర విడువాలె కాకా?"

"గంటనే గదా! ఎవలనన్న కూసోబెట్టు."

ఇంత చెప్పుకున్నాను కనుక ఇది కూడా చెప్పాలి. నాకు ఆ శాలువ కావాలనిపించింది. క్లాసులో అమ్మాయిలందరూ నన్ను పిచ్చిదాని కూతురు అనేవాళ్లు. ఒక్కసారి స్టేజీ ఎక్కితే వాళ్ల నోళ్లు మూతపడతాయనుకున్నాను. నేనేమీ దేవతను కాను, పదహారేళ్ల పిల్లను.

మూడు రోజులు మనిషి కోసం తిరిగాను. పక్కింటి అక్క నోరు తెరిచి, "నేనెట్ల కూసుంట చెల్లె? నీ సత్కార్ చూడొద్దా?" అంది. ఎదురింటి ముసలమ్మదీ అదే మాట. పెద్దమ్మకైతే చెల్లెల్ని చూస్తే బీపీ పెరుగుతుందట. "అయినా మనింటోళ్లు ఎవలన్న స్టేజి మీద ఉండాలె గదనే" అని ఏ చీర కట్టుకోవాలో నన్నే అడిగింది. నేను అమ్మను చూసుకుంటున్నందుకు చప్పట్లు కొట్టడానికి పేటంతా వస్తోంది, అమ్మను చూసుకోవడానికి ఒక్కరూ మిగల్లేదు. సిగ్గన్నది ఎవరికీ లేదు. నాకూ లేదు కాబోలు, రానని చెప్పలేదు.

ఆదివారం అమ్మ బాగానే ఉంది. తల తనే దువ్వుకుంది. "ఎటు పోతున్నవ్?" అని అడిగింది.

"బళ్లె కార్యక్రమ్ ఉంది" అన్నాను. అమ్మకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. తలుపు దగ్గరగా వేసి బయటి నుంచి తాళం పెట్టాను. అదీ మొదటిసారే.

మండపం మా గదికి పది ఇళ్ల దూరం. మైకు సంగతి నాకు తట్టలేదని అనలేను. నా గురించే కదా మాట్లాడేది అనుకుని ఊరుకున్నాను. నన్ను పొగడాలంటే ముందు అమ్మను పిచ్చిదని చెప్పుకోవాలని మాత్రం నిజంగానే తెలియదు.

పెద్దమనిషి చెప్పాడు. అమ్మ పేరుతో, ఇంటి గుర్తులతో సహా చెప్పాడు. బట్టలు సోయి ఉండదన్నాడు, బీడీలు విప్పి పారేస్తుందన్నాడు, మొగడు తట్టుకోలేక ఊరు విడిచాడన్నాడు. కొంత నిజం, మిగతాది మసాలా. "అసొంటి తల్లిని ఈ బిడ్డ ఒక్క నిమిషం గూడ ఒంటిగ ఇడువది!" అనేసరికి చప్పట్లు మోగాయి. అప్పుడు నా పిడికిట్లో తాళంచెవి ఉంది. దాని మీదే శ్రీఫల్ అంటూ కొబ్బరికాయ పెట్టారు. పెద్దమ్మ పట్టుచీరలో నా పక్కన నిలబడి నా భుజం మీద శాలువ సర్దింది. ఫోటో తీసే అతను నవ్వమన్నాడు. నవ్వాను.

వచ్చేటప్పుడు సందు మలుపు దాకా గుంపుగా వెంట వచ్చారు. అక్కడి నుంచి ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది. నేనొక్కదాన్నే తాళం తీశాను.

అమ్మ తలుపు వెనకే కూర్చుని ఉంది. మంచి చీర కట్టుకుని, కాళ్లకు చెప్పులు తొడుక్కుని ఉంది. చెవులు మూసుకోలేదు. శాలువ అంచు రెండు వేళ్లతో పట్టి చూసి, "నాసిరకం మాల్" అంది. చేనేత ఇంట పుట్టిన మనిషి.

"పిచ్చి నాది, శాల్వ నీకా?"

నేను నవ్వబోయాను. అమ్మ నవ్వడం లేదు.

"నా ముచ్చట మైకుల ఎవ్వలు మాట్లాడరంటివి. ఇయ్యాల మాట్లాడిండ్రా, లేదా?"

కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఏం చెప్పను? "మాట్లాడిండ్రు" అన్నాను.

"నువ్వు గూడ అండ్లనే ఉన్నవ్."

రాత్రి భోజనం అయ్యాక మాత్ర అరచేతిలో పెట్టి చాచాను. అమ్మ నా చేతిని చూసింది, నన్ను చూసింది, గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడూ అంతే. ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను, తప్పైందన్నాను. సగం రొట్టె నేను తిని చూపిస్తే మిగతా సగం తినేది. మాత్ర మాత్రం ముట్టలేదు. నెల తిరగక ముందే అమ్మకు నిద్ర కరువైంది, తిండి పోయింది. చివరికి ఇద్దరు మగవాళ్లు రెక్కలు పట్టి ఆటో ఎక్కించాల్సి వచ్చింది. మండల్ మనుషులు ఆ పూట ఎక్కడ దాక్కున్నారో నాకు తెలియదు. నేను అడగడానికి పోలేదు.

ఆసుపత్రికి పెద్దమ్మ వచ్చింది. వార్డులో జనం ఉన్నారు కదా, అందుకే వచ్చి ఉంటుంది. ఇన్నాళ్లూ మందు బాగానే పడుతుంటే ఇప్పుడెందుకు ఆగిందని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది.

"ఏం చెప్పాలె డాక్టరమ్మా? సత్కార్ అయిన కాంచి ఈ పిల్లకు తలకెక్కింది. తల్లిని ఇంట్ల ఏసి తాళం పెట్టి తిరుగుతుంది."

ఆమెకు చెప్పాల్సిన జవాబులు నా దగ్గర అప్పుడు కనీసం పది ఉన్నాయి. బీపీ గురించి, పట్టుచీర గురించి, నా భుజం మీద శాలువ సర్దిన చేతుల గురించి. ఒక్కటీ అనలేదు. మంచం మీద అమ్మ కళ్లు తెరుచుకుని నా వైపే చూస్తోంది, ఈసారి అబద్ధం చెప్తానా లేదా అని.

"అవును డాక్టరమ్మా, తాళం నేనే ఏసిన" అన్నాను.