తప్పు సైదులు కాలిది కాదు

పదకొండేళ్లు ఒక నింద బరువు మోశాను. నా మీద పడిన నింద కాదు, నేను ఇంకొకరి మీద వేసింది. వేసిన రోజున చాలా తేలికగా ఉంది. నాలుగు మాటలు, అంతే. తర్వాత ప్రతి ఏడూ బరువు పెరుగుతూ వచ్చింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను సూర్యాపేటలో లారీ మెకానిక్‌ని. గేరుబాక్సులు, హౌసింగులు నా పని. హౌసింగు అంటే వెనక చక్రాల మధ్య గుండ్రంగా కనిపించే ఇనుప డొల్ల. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర, దాని లోపల, ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ తిరిగితే టైర్లు తిరుగుతాయి. చిన్నదానికి ఆరు పళ్లు, పెద్దదానికి నలభై ఒకటి ఉంటే, షాఫ్టు దాదాపు ఏడు చుట్లు తిరిగితే గానీ టైరు ఒక్క చుట్టు తిరగదు. బండి నెమ్మదిగా పోతుంది, కానీ షాఫ్టులో ఉన్న బలం టైరు దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏడింతలవుతుంది. అదే ఎనిమిదీ ముప్పై తొమ్మిదీ అయితే, ఐదు చుట్లు తిరక్కముందే టైరు ఒక చుట్టు తిరిగేస్తుంది. వేగం పెరుగుతుంది. లాగే బలం ఏడింతల నుంచి ఐదింతలకు పడిపోతుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను ఇది. తెలియక చేశానని అనుకునే వీలు కూడా నాకు లేదు.

ఆయన్ని సైదులు అంటాను, అసలు పేరు వేరు. గరిడేపల్లి వైపు ఒక వడ్ల వ్యాపారి లారీ నడిపేవాడు. కల్లాల దగ్గర వడ్లు ఎత్తుకొని మిర్యాలగూడ మిల్లులకు తోలేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. సైదులు గేరు మారిస్తే పక్కన కూర్చున్నవాడికి తెలియదని తోటి డ్రైవర్లే అనేవాళ్లు.

కోతల కాలంలో ఆ లారీ క్రౌన్ పళ్లు విరిగాయి. షెడ్డుకు తెచ్చారు. మబ్బు పట్టింది, వడ్లు బయట ఉన్నాయి, రేపటికి బండి కావాలన్నాడు బండి యజమాని, ఆ వడ్ల సేటు. అయితదన్నాను. ఆ బండికి ఉండే ఆరూ నలభై ఒకటీ పళ్ల జత, అంటే సెట్టు, సూర్యాపేటలో దొరకలేదు. కోదాడ పోయాను. అక్కడ నలభై ఒకటి పళ్లది లేదు, ముప్పై తొమ్మిది పళ్లది ఉంది. సాఫు రోడ్డు మీద తిరిగే బండ్లకు వేసేది. అదే హౌసింగులో సరిగ్గా కూర్చుంటుంది. తెచ్చి బిగించాను. కోతలు అయిపోయాక అసలుది తెప్పించి మారుద్దామనుకున్నాను. సేటుకు చెప్పలేదు. సైదులుకూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఆగుదాం అనేవారు. రేపటికి అయితదన్న నా మాట పోయేది. అంతేనా? ఇంతకంటే పెద్ద కారణం కోసం చాలాసార్లు వెతుక్కున్నాను, ఒక్కటీ దొరకలేదు.

వారం తిరక్కుండానే సైదులు, సేటు కలిసి వచ్చారు. అప్పుడు షెడ్డులో నలుగురైదుగురు డ్రైవర్లు కూర్చొని చాయ్ తాగుతున్నారు.

“అన్నా, బండికి లాగుడు లేదు,” అన్నాడు సైదులు. “రోడ్డు మీద మంచిగనే ఉరుకుతుంది. కాలువ కట్ట ఎక్కాల్నంటెనే సస్తుంది. ఫస్టు గేరుల గూడ గుంజుతలేదు. జర హౌసింగ్ విప్పి సూడు.”

రోగం పేరొక్కటే ఆయన చెప్పలేదు. మూత విప్పితే పళ్లు లెక్కపెట్టడం ఎంతసేపు? సేటు నా మొహం వైపు చూశాడు. చాయ్ తాగేవాళ్లూ చూశారు. నా చేతిలోంచి పోయిన బండి అదే రిపేరుకు మళ్లీ రాదని నాకు పేరు.

“హౌసింగుల ఏం లేదు,” అన్నాను. “నువ్వే క్లచ్ మీదికెల్లి కాలు తీస్తలేవు. ప్లేటు కాలబెడుతున్నవ్. ఇగ బండేం గుంజుతది?”

“పదేండ్ల సంది నడుపుతున్న బండి అన్నా. నా కాలు నాకు తెల్వదా?”

“తెలిస్తె గిట్ల అయితదా?”

ఒకరిద్దరు నవ్వారు.

సేటు ముందే క్లచ్ విప్పాను. ప్లేటు నల్లగా కాలి ఉంది. సూడుండ్రి అని అందరికీ చూపించాను. నేను చేసిన పనుల్లో ఇదే అన్నిటికన్నా నీచమైనదని ఇప్పుడనిపిస్తుంది. బలం చాలని బండిని నిండు లోడుతో ఎత్తు ఎక్కించాలంటే, ఎంత మంచి డ్రైవరైనా క్లచ్ సగం తొక్కి పట్టి ఇంజనును ఉరికించక తప్పదు. ఆ ప్లేటు కాలడానికి కారణం నేను. దాన్నే చేతిలో పట్టుకొని ఆయన మీద సాక్ష్యంగా పెట్టాను.

కొత్త ప్లేటు వేసి పంపాను. పదిహేను రోజులకు, నేరేడుచర్ల దగ్గర కట్ట ఎక్కే మట్టిదారిలో, వాన పడిన మరునాడు, బండి సగంలో ఆగిపోయింది. బ్రేకు తొక్కినా బురదలో టైర్లు నిలవలేదు. వెనక్కి జారింది. వెనకాల కూలికి పోయే ఆడవాళ్లతో నిండిన ఆటో ఉంది. సైదులు స్టీరింగు తిప్పి బండిని గుంతలోకి దింపాడు. లారీ పక్కకు ఒరిగిపోయింది. ఆటోలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. సైదులు కాలు మాత్రం పెడళ్ల మధ్య ఇరుక్కొని విరిగింది.

ఆయన దవాఖానలో ఉండగా బండి నా షెడ్డుకే వచ్చింది. ఈసారి నలభై ఒకటి పళ్ల సెట్టు తెప్పించి, ఎవరికీ చెప్పకుండా మార్చాను. ఇంకొకరికి ఇలా జరగకూడదనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కానీ ఏమైందో చూడండి. కొత్త డ్రైవరు అదే బండితో, అదే లోడుతో, అదే కట్ట ఎక్కాడు. మంచిగ గుంజుతుంది, బండిల ఏం లేదన్నాడు. దాంతో అందరికీ తేలిపోయింది. తప్పు సైదులుదేనని. నా అబద్ధానికి రుజువు కూడా నేనే తయారుచేసి ఇచ్చాను.

కాలు అతికాక ఆయనకు స్టీరింగు ఇచ్చినవాళ్లు లేరు. కొన్నాళ్లు పెన్‌పహాడ్‌లో అత్తగారింటి గొర్లు కాశాడని విన్నాను. తర్వాత ఎక్కడున్నాడో కనుక్కోలేదు. కనుక్కోవాలని లేకపోయింది.

పోయినేడు మిర్యాలగూడలో ఒక మిల్లుకు రిపేరు పని మీద పోతే, గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకుంటూ కనిపించాడు. కొంచెం కుంటుతున్నాడు. గుర్తుపట్టి కుర్చీ తెచ్చి వేశాడు. చాయ్ చెప్పాడు. ఆయనే పాత సంగతి ఎత్తాడు.

“నువ్వు సెప్పిందే నిజమన్నా. నా కాలే సక్కగ లేకుండె. అప్పుడు నీ మాట ఇనకపోతి.”

ఆయన నన్ను తిట్టుకుంటూ ఉంటాడనుకున్నాను ఇన్నేళ్లూ. తన కాలినే అనుమానించుకుంటాడని ఏ రోజూ అనుకోలేదు. పదేళ్లు బండి నడిపిన మనిషి, ఆటో నిండా ఉన్న ఆడవాళ్లను కాపాడిన మనిషి, తనకు నడపడం రాదని నమ్మేశాడు. నేను నమ్మించాను. అయినా ఆ రోజు కూడా నోరు విప్పకుండా బస్సెక్కాను.

మళ్లీ పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి పోయాను. ముందే గుండె గట్టి చేసుకొని పోయాను కాబట్టి నిలబడే చెప్పేశాను.

“పండ్లెన్ని?” అని అడిగాడు సైదులు.

“ముప్పై తొమ్మిది. చిన్నదానికి ఎనిమిది.”

లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. డ్రైవరు కదా, అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. తర్వాత తలెత్తి లోపలికి కేకేశాడు.

“గీడికి రా ఒకపారి. అన్న ఏదో చెప్తుండు, ఇను.”

ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు. “నాకు జెప్పినట్టే జెప్పు.”

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కోదాడ సంగతి, పళ్లు, కాలిన ప్లేటు, తర్వాత గుట్టుగా మార్చడం, అన్నీ. మొదటిసారి కన్నా రెండోసారే కష్టంగా ఉంది. ఆమె కోప్పడలేదు. “పిల్లలకు గూడ తప్పు నాదే అని చెప్పుకున్నడు,” అంది, అంతే. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

క్షమించమని నేనడగలేదు. వాళ్లూ ఆ మాట ఎత్తలేదు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. చెప్పవలసింది అయిపోయాక కాసేపు నిలబడి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక ఊపిరి చాలా ఏళ్ల తర్వాత నిండుగా ఆడుతోంది.

అయితే ఆ రోజు షెడ్డులో నా మాట విని నవ్వినవాళ్లున్నారు. విని ఊరంతా చెప్పినవాళ్లున్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడెక్కడున్నారో నాకు తెలియదు. వాళ్ల కోసం కూడా రాస్తున్నాను. బండిలోనే తప్పుంది. పెట్టింది నేను. సైదులు మంచి డ్రైవరు.