ఆస్ట్రేలియా కంబళి, నా వాషింగ్ మెషీన్

రెండో ప్రపంచ యుద్ధం చేయలేకపోయిన పనిని నేను, మేం అద్దెకుండే కాడుగోడిలో, ఒక్క మధ్యాహ్నంలో చేసి చూపించాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ మెడ వంగిపోతుంది.

మా ఇంటి ఓనరు నంజుండప్పగారు డెబ్బై దాటిన మనిషి, తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగువాడు. కొన్నేళ్ళ కిందట, మహాలయ అమావాస్యకు ముందురోజు, మేడ మీద బూడిదరంగు కంబళి ఒకటి ఎండేస్తున్నారు. ఏటా ఆ పెద్దల పండగనాడు దాన్ని పీట మీద పరిచి, వాళ్ళ నాన్న ఫొటో పెట్టి, ముందు విస్తరి వేస్తారు.

“యుద్ధంలో మా నాయనకు పట్టాళంలో ఇచ్చిండారమ్మా. ఆస్ట్రేలియాలో నేసిండేది. కంబళ్ళే కాదు, బూట్లు, తుపాకులు గూడా చేసి మన పక్క కొట్లాడేవాళ్ళకంతా పంపిండారంట.”

వింటే పోయేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను మీరు చూసుంటారు. నేను కంగారూను పట్టుకుని దానికి సంచే లేదన్నాను. ఆస్ట్రేలియాకు గొర్రెలు తెలుసు, క్రికెట్ తెలుసు, ఆ రోజుల్లో ఫ్యాక్టరీలెక్కడివి, ఉన్ని ఇంగ్లండుకు పంపితే అక్కడ నేసుంటారని, డిగ్రీలో చదివిన చరిత్రంతా ఆయన నెత్తిన కుమ్మరించాను. కంబళి మూలన ఒక చీటీ కుట్టి ఉంది గానీ, అట్లపెనం అడుగులా మసిబారి ఉంది. తుడిస్తే ఎవరి మాట నిజమో తేలిపోతుంది, ఇలా ఇవ్వండన్నాను.

“చీటీ మటుకు తుడువమ్మా. నీళ్ళలో వేయొద్దు. రేపు నాయనకు పరచాల.”

చీటీ మటుకే తుడిచాను, ఒట్టు. అక్షరాలింకా తేలలేదు. కానీ ఆ మూల శుభ్రపడేసరికి మిగతాదంతా మురికిగా కనబడింది. పైలోకం నుంచి దిగొచ్చే పెద్దాయన ఈ మురికి మీద కూర్చుంటాడా? గెలుపుతో పాటు పుణ్యం కూడా వస్తుందనుకుని, వేడినీళ్ళు పెట్టి, సబ్బుపొడి దండిగా పోసి మెషీన్‌లో తిప్పాను.

మూత తీస్తే ఆరడుగుల సిపాయిని కప్పిన కంబళి పసిపిల్ల పక్కగుడ్డంతై, మాడిన ఊతప్పంలా దళసరిగా బయటికొచ్చింది. చీటీ మాత్రం పెళ్ళికూతురిలా మెరుస్తోంది: ఆస్ట్రేలియాలో తయారైందని ఇంగ్లీషులో, పక్కన సైన్యంవాళ్ళ బాణం గుర్తుతో సహా. వాదనా పోయింది, కంబళీ పోయింది.

రెండు చేతులా పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు, తిరిగి వాదించేదాన్ని. ముఖానికి ఆనించి వాసన చూశారు.

“నాయన బీడీ వాసన ఉండేదమ్మా దీంట్లో. ఇప్పుడు సబ్బు వాసనొస్తా ఉండాది.”



మర్నాడు ఆ ముక్కనే పీట మీద పరిచి ఫొటో నిలబెట్టారు. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. నన్ను భోజనానికీ పిలిచారు. వడ వడ్డిస్తూ మెల్లగా అన్నారు: “చీటీ మటుకు బాగా కనిపిస్తా ఉండాది కదమ్మా.”

ఆ విస్తరి ముందే ప్రతిజ్ఞ చేశాను. ఆస్ట్రేలియావాళ్ళు యుద్ధానికి విమానాలు పంపారన్నా, ఇడ్లీపాత్రలు పంపారన్నా తలూపుతాను. ఎవరి నాన్న వస్తువునూ శుభ్రం చేయను. మా మెషీన్ ఆనాటినుంచి చన్నీళ్ళతోనే తిరుగుతోంది. ఇక చల్లబడాల్సింది నా నోరే.