దిద్దిన రీడింగులు

చీపురుపల్లి కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి, రిటైరయ్యాక కోటబొమ్మాళి వచ్చేశాను. ఖాళీగా ఉండలేక ఫ్యాను కొక్కేనికి తాడు కట్టి, కేజీ ఇనుప గుండు వేలాడదీశాను. రోజూ ఉదయం దాన్ని లాగి వదిలి, ప్రతి పది ఊపులకీ ఎంత దూరం వెళుతోందో స్కేలు మీద చూసి డైరీలో రాసేవాణ్ణి. అలా రెండేళ్లు.

మా మేనకోడలు శక్తి కోల్పోయే యంత్రాల మీద పరిశోధన చేస్తోంది. పాఠాల్లో లోలకం ఎప్పటికీ ఆగదు. దానికి స్థానం, ద్రవ్యవేగం అని రెండు సంఖ్యలు చాలు. ఆగిపోయే లోలకానికి మూడోది కూడా కావాలంటుంది తను వాడే కాంటాక్ట్ జామెట్రీ అనే గణితం. అంతదాకా నడిచిన కదలికను పోగుచేసుకుంటూ వచ్చే సంఖ్య అది. దాన్ని కలిపితే శక్తి తగ్గడమూ ఆ జామెట్రీలోనే ఇముడుతుంది. తన సమీకరణాలు నిజం లోలకానికి సరిపోతాయని చూపడానికి ఆఖరి అధ్యాయంలో నా డైరీ అంకెలు పెట్టుకుంది. థీసిస్ ఇవ్వడానికి ఇంక పది రోజులే ఉన్నాయి.

ఆ ఆదివారం వచ్చి డైరీ, అందులోని అంకెలతో గీసిన గ్రాఫులూ నా ముందు పెట్టింది.

"మావయ్యా, గాలేసిన రోజూ ఇదే గీత, ఎయ్యని రోజూ ఇదే గీత. గుండు ఇంత బుద్ధిగా ఊగుతాదా? నిజం సెప్పు, ఏటి సేసావు?"

మా ల్యాబుల్లో అందరం చేసిందే చేశాను. ముందు ఫార్ములాతో జవాబు కట్టుకుని, తర్వాత దానికి తగ్గ రీడింగులు రాయడం. పిల్లలకి మార్కులు పోకూడదని నేనే నేర్పాను. ఇంట్లో అడిగేవాళ్లు లేకపోయినా చెయ్యి అలాగే పోయింది.

"గీతకి దూరంగా పడ్డవన్నీ దిద్దానమ్మా," అన్నాను.

"ఎన్ని?"

"గుర్తులేదు."

"గుర్తుండాలనే కదేటి డైరీ రాసింది!"

నవ్వబోయి మానేసింది. ల్యాప్‌టాప్ తెరిచి థీసిస్‌లోంచి నా అంకెలున్న పేజీలన్నీ తీసేసింది.

"లెగు. మల్లీ తీద్దాం."

"మోకాళ్లు వంగవే."

"వంగక్కర్లేదు. స్కేలు నాను సూస్తాను. నువ్వు రాసుకో, సాలు. నాను సెప్పింది కాక మరోటి రాసేవంటే డైరీ సంద్రంలో పారేసొస్తాను."

కిటికీలు మూసి, గుండు లాగి వదిలింది. నేలమీద కూర్చుని చెప్పసాగింది.

"పద్దెనిమిది."

"పదహారున్నర."

"పదహారున్నరే."

తగ్గాలి కదా అనబోయి ఊరుకున్నాను. తల ఎత్తకుండా పదహారున్నర అనే రాశాను.