పంటు మీద ఆగని ఇంజను

మామిడికుదురు మెకానిక్ వీరబాబు దగ్గరికి బండి తీసుకెళ్తే, ముందు బానెట్ తెరవడు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి ఏ దారిన వెళ్తారు, ఎక్కడ ఎంతసేపు ఆగుతారు అంటూ పెళ్లిచూపుల పెద్దల కంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆయన షెడ్డుకి బోర్డు లేదు. అదేమంటే, "బండి పాడైనోళ్లకి బోర్డు చదివే ఓపికుంటాదాండీ?" అంటాడు.

ఆ రోజు రాజోలు పాపారావుకి ఈ ప్రశ్నలు వినే ఓపిక కూడా లేదు. అతని డీజిల్ కారు నెలరోజులుగా నల్లటి పొగ కక్కుతోంది. ఆగిన చోటల్లా జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఒక పెద్ద వర్క్‌షాపు వాళ్లు ఇంజనుకి గాలి కొట్టే టర్బో పోయిందని తేల్చి, బాగు చేయించడం కంటే అమ్ముకోవడం నయమన్నారు. పాపారావుకి కూడు పెట్టేది ఆ కారే. అంతకు మించి, వారానికి రెండుసార్లు ఎలీసమ్మ టీచరు గారిని సఖినేటిపల్లి రేవులో బళ్లు మోసే పంటెక్కించి, గోదావరి దాటించి డయాలసిస్‌కి తీసుకెళ్లేది కూడా అందులోనే. చిన్నప్పుడు అతని చేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఇప్పుడావిడ బస్సు మెట్టు ఎక్కలేరు. కారు అమ్మేస్తున్నానని ఆ ముఖం చూసి ఎలా చెప్పడం?

"ఎక్కడెక్కువ వణుకుతాదండీ?" అడిగాడు వీరబాబు.

"నిలబెడితేనండీ. జోరందుకుంటే కాస్త సర్దుకుంటాది."

"టర్బో పోతే జోరు మీదే కదండీ నీరసపడాలి? బండి ఇక్కడుంచెయ్యండి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూద్దాం."

మర్నాడు పొద్దున్నే వీరబాబు బండి స్టార్ట్ చేసి, రెండు నిమిషాలాగి, పాపారావు చెయ్యి పట్టుకుని ఇంజను పక్కనున్న ఒక పైపుకి తాకించాడు. చురుక్కుమంది.

"పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే దారండి ఇది. ఈజీఆర్ అంటారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు దీని తలుపు మూసుండాలి, పైపు ఇంత తొందరగా కాలకూడదు. మీ తలుపు తెరుచుకునే ఉండిపోయింది. గాలి చాలక మీ బండి పొగ పీలుస్తోందండి, పాపం!"

విప్పి చూస్తే వాల్వు నిండా మసి, అట్లపెనం అడుగులా గట్టిపడి ఉంది. దారికి రేకు అడ్డం పెట్టి మూసేస్తే పోదా, అందరూ అదే చేస్తున్నారు కదా అని పాపారావు నసిగాడు.

"కుర్రతనంలో నేనూ చేసేనండి ఆ పని. కంటికి కనపడని విషం మన వీధిలోకే పోతాదని తెలిసేక మానేసేను." వీరబాబు మసి గోకుతూ తలెత్తాడు. "ఇంత మసి ఊరికే పట్టదు, ఇంజను ఆపకుండా గంటలకొద్దీ నిలబెడితేనే. పంటెక్కుతానన్నారు కదా, దాని మీద ఇంజను ఆపుతారాండీ?"

పాపారావు దొరికిపోయాడు. ఏడేళ్ల కిందట పాత కారు పంటు మీద తాళం ఎన్నిసార్లు తిప్పినా అందుకోక, వెనకవాళ్లు తిట్టిపోస్తూ ఒడ్డుకి తోశారు. లోపల టీచరు గారు కూర్చునే ఉన్నారు. ఆ సిగ్గుతో అప్పట్నుంచీ రేవులో కాసుకున్నంతసేపూ, ఏటి మీదా కూడా ఇంజను ఆపలేదు. వెళ్లేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట.

"మీ భయానికి బండి పొగ తాగిందండి," అని నవ్వాడు వీరబాబు. వాల్వు కడిగి, సాఫీగా తెరుచుకుని మూసుకుంటోందని చూసి బిగించాడు. బండి స్టార్ట్ చేసి బానెట్ మీద టీ గ్లాసు పెట్టాడు. టీ తొణకలేదు. పాపారావు ఆయన మసి చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఇకనించి పంటు మీద ఆపండి. బ్యాటరీ బాగుంది, అందుకుంటాది," అన్నాడు వీరబాబు.

రెండ్రోజుల తర్వాత పంటు మీద పాపారావు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. చెయ్యి మాత్రం తాళం మీదే ఉంచాడు.

"ఏం నాయనా, మళ్లీ పాడయ్యిందా?" అన్నారు వెనక సీట్లోంచి టీచరు గారు.

"లేదండీ. బాగయ్యింది." జరిగిందంతా చెప్పాడు, అమ్మేద్దామనుకున్న మాటతో సహా.

ఒడ్డు దగ్గర పడుతుండగా, టీచరు గారు ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. కూతురు మెర్సీనీ, డాక్టరు గారినీ, సూది గుచ్చే నర్సులనీ, పాపారావునీ పేరుపేరునా తలుచుకున్నారు. ఇంజను మోత లేకపోవడంతో, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాటలన్నీ పాపారావుకి వినబడ్డాయి. చివర్లో, "మామిడికుదురు వీరబాబుని చల్లగా చూడు తండ్రీ," అన్నారు.

"ఆమేన్," అన్నాడు పాపారావు. తాళం తిప్పాడు. బండి అందుకుంది.